పొట్టి రకం

అనంతపురం నర్సరీలో పిల్లోడు చెప్పినాడు:
"సీతాకోకల పొద పెద్దాయనా. పొట్టి రకం.
మూడడుగులు దాటదు."
ఆ మాటకే కొన్నా.
కొలత చెప్పి అమ్మేవాణ్ణి
నమ్మడం నాకు అలవాటు.

తాడిపత్రిలో ముప్పై రెండేండ్లు
బండలు కోసే మిషను ముందర నిలబడినోణ్ణి.
రెండుకి రెండు. రెండుకి ఒకటిన్నర.
గీత పక్కకు నూలుపోగంత జరిగినా
బండ చెత్తకుప్పకే.
సాయంత్రమయ్యే తలికి
నా కనుబొమలు నాకంటే ముందు ముసలివయ్యేవి.

బస్సులో ఒళ్ళో పెట్టుకోని తెచ్చినా.
బుక్కరాయసముద్రం కాడ ఎక్కినామె
"ఏం చెట్టునా, కూరకొస్తాదా?" అనింది.
"సీతాకోకచిలకలకొస్తాది" అన్నా.
ఆమె నన్నొకసారి చూసి
సంచి తీసుకోని ముందు సీటుకు పోయింది.

పెయింటు డబ్బా అడుగున నాలుగు బొక్కలు కొట్టి
మా ఇంట్లో కొదవలేని బండచెక్కలు పరిచి
ఎర్రమన్ను, మేకపెంటికలు, పిడికెడు రాతిపొడి.
రాతిపొడి వద్దనలేదు అది.
సున్నపు నేలంటే దానికి పుట్టిల్లంట.
నా ఊపిరితిత్తుల్లో ఉండేదే
దాని వేర్లకూ.
చుట్టరికం అట్లా కలిసింది.

ఏప్రిల్లో మూడు దినాలు చచ్చినట్టే పడుండె.
మధ్యాన్నం ఎండ తగలకుండ
దస్తగిరమ్మ పాత చీర కట్టింది తడిక మాదిరి.
బియ్యం కడిగిన నీళ్లు దానికే.
నా కాఫీ మాత్రం గిన్నెలోనే చల్లారిపోయేది.

జూన్ ఆఖర్లో కంకి వేసింది.
జొన్నకంకి కాదు, వంకాయ రంగు కంకి,
చిటికెనవేలంత, తేనెవాసన.
స్టూలు వేసుకోని కూర్చున్నా
పెండ్లిచూపులకు పిలిచినోని మాదిరి.
ఎవరూ రాలే.
చీమలొచ్చినాయి.
చీనీతోటల్లో మందు కొట్టే ఓబుళపతి వచ్చినాడు.
"పూలంటే విస్తరన్నా. తిని పోతాయి.
కాపురం పెట్టాలంటే పిల్లలకు మేత చూసుకుంటాయి.
ఏటా వేలల్లో చంపేటోణ్ణి, నాకు తెలీదా" అని
దస్తగిరమ్మ కరివేపాకు చెట్టు దిక్కు చూపించినాడు.

ఆ చెట్టు మీద పురుగులు.
చిన్నప్పుడు కాకిరెట్ట మాదిరి,
పెద్దయితే ఆకుల్లో ఆకు.
ముట్టుకుంటే నెత్తిన ఎర్ర కొమ్ములు చాపి
కంపు కొడతాయి.
పొద్దున్నే ఏరి కోళ్లకేసే మనిషి
ఆ నెలంతా ఏరలేదు.
"చారు తాలింపుకు ఒక్క రెబ్బ లేదు,
నీ చుట్టాలు మేసిపోయినారు" అని మాత్రం
రోజుకు రెండుసార్లు అనేది.

కరెంటు పోయిన ఒక మంగళారం.
ఊర్లో మిషన్లన్నీ ఒక్కసారి నోరు మూసుకున్యాయి.
నా చెవుల్లో మాత్రం ఇంకా తిరగతానే ఉంది చక్రం.
అప్పుడొచ్చింది.
నలుపు మీద నిమ్మపండు రంగు చుక్కలు.
కంకి మీద నిలబడి, రెక్కలు కొట్టుకుంటానే తాగింది,
బస్సు పోతాదేమోనని
టీ తాగేటోని మాదిరి.
ఆమెను పిలవాల అనుకున్యా.
లేస్తే పోతాదని లేవలే.
తిరిగి చూస్తే నా వెనకాలే ఉంది
చేట చేతిలో పట్టుకోని, ఊపిరి బిగబట్టి.

జనవరిలో జానెడు మిగిల్చి కత్తిరించాలని
నర్సరీ పిల్లోడు ముందే చెప్పినాడు.
కొత్త కొమ్మకే కంకి వస్తాదంట.
కోతే బతుకైనోణ్ణి,
కత్తెర పట్టుకోని అట్లే నిలబడినా.
దస్తగిరమ్మ లాక్కునింది.
"నువ్వు కోసింది ఒకటన్నా మళ్లీ మొలిసిందా?
అందుకే నీకు భయ్యం" అని
టకటకా కత్తిరించేసింది.
ఆ రాత్రి అన్నం కాడ
ఇద్దరం డబ్బా దిక్కు చూడలే.

ఇప్పుడు మళ్లీ ఆగస్టు.
నిన్న టేపు పెట్టి చూసినా.
మూడడుగుల రెండంగుళాలు.
మిషను కాడైతే ఒప్పుకునే లెక్క కాదు.
టేపు చుట్టి జోబులో ఏసుకున్యా.
నర్సరీ పిల్లోనికి చెప్పలే.